38 పొట్టి, 42 వదులు: ఆరడుగుల సన్నటి మనిషి సూటు లెక్క

పెళ్లిళ్ల సీజన్ వస్తే విశాఖలో ద్వారకానగర్ నుంచి జగదాంబ దాకా బట్టల షాపుల ట్రయల్ రూముల ముందు ఒకే తంతు. ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు, ఒళ్లు సన్నం. 38 సైజు కోటు తొడిగితే ఛాతీ దగ్గర అతికినట్టే ఉంటుంది గానీ వెనక నుంచి చూస్తే పొట్టి. మణికట్లు బయటపడి తమ్ముడి కోటు అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. సేల్స్‌మన్ 40 తెస్తాడు, భుజాలు జారతాయి. 42 తెస్తాడు, ఈసారి కోటులో ఇంకో మనిషికి చోటుంటుంది. ఇంతా చేస్తే పొడవు పెరిగింది అరంగుళమే. “ఆల్టర్ చేయించేద్దాం సార్” అన్న మాట దగ్గర బేరం ముగుస్తుంది. అసలు సంగతి రిసెప్షన్ ఫోటోల్లో తేలుతుంది.

ఇందులో తప్పు ఒంటిది కాదు, షాపువాడిదీ కాదు. రెడీమేడ్ సైజుల పట్టిక ఛాతీ వెడల్పు మీద నడుస్తుంది. మనిషి లావయ్యే కొద్దీ కాస్త పొడవు కూడా ఉంటాడని ఊహించుకుని తయారైన పట్టిక అది. లావును దాటేసి పొడవు ముందుకెళ్లిపోయిన మనిషికి అందులో గడి లేదు. ఆ గడి ఎక్కడ తప్పుతుందో అర్థమైతే దేన్ని దిద్దుకోవచ్చో, దేన్ని కొనకుండా వదిలేయాలో తెలుస్తుంది.

ఒక్క మాట. షాపుల్లో దీన్ని జాకెట్ అంటారు. తెలుగింట్లో జాకెట్టు అంటే వేరే వస్త్రం కాబట్టి మనం కోటు అనే అనుకుందాం.

లేబుల్ మీద అంకె, పక్కన అక్షరం

కోటు లేబుల్ మీద 38 అని ఉంటే అది ఛాతీ చుట్టుకొలత, అంగుళాల్లో. కోటు ఛాతీ కాదు, తొడిగే మనిషి ఛాతీ. కోటు చుట్టుకొలత అంతకంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే ఉంటుంది. ఊపిరి తీయడానికి, చేతులు కదపడానికి, లోపలి చొక్కాకి ఆ వదులు కావాలి. కొన్ని బ్రాండ్లు యూరప్ అంకెలు వేస్తాయి. అందులోంచి 10 తీసేస్తే సరి: 48 అంటే 38, 50 అంటే 40.

అంకె పక్కన అక్షరం దగ్గర చాలామంది పొరబడతారు. చొక్కా మీద ‘ఎల్’ అంటే లార్జ్. సూటు మీద ‘38 ఎల్’ అంటే 38 ఛాతీకి లాంగ్, అంటే పొడుగువాళ్ల కోత. ‘ఆర్’ రెగ్యులర్, ‘ఎస్’ షార్ట్. రెగ్యులర్‌ను సుమారుగా 5 అడుగుల 8 అంగుళాల నుంచి 5 అడుగుల 11 అంగుళాల వాళ్ల కోసం కోస్తారు. లాంగ్ ఆరడుగుల నుంచి 6 అడుగుల 3 అంగుళాల దాకా. లాంగ్‌లో కోటు పొడవు ఒకటి, ఒకటిన్నర అంగుళాలు, చెయ్యి దాదాపు ఒక అంగుళం ఎక్కువ. బ్రాండును బట్టి అటూ ఇటూ అవుతుంది. మన షాపుల ర్యాకుల్లో ఎక్కువగా ఉండేది రెగ్యులరే. అందుకని “లాంగ్ ఫిట్టింగ్ ఉందా, తెప్పిస్తారా?” అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే చూపించరు.

మూడో మాట డ్రాప్. కోటు సైజులోంచి ప్యాంటు నడుము తీసేస్తే వచ్చేది. మామూలు సూట్లలో ఇది 6. అంటే 38 కోటుకి జతగా 32 ప్యాంటు. స్లిమ్ అనే రకాల్లో 7 లేదా 8 ఉంటుంది. ఛాతీ 38, నడుము 30 ఉన్న మనిషి డ్రాప్ 8. అతనికి మామూలు జత ఇస్తే ప్యాంటు రెండంగుళాలు వదులు. కోటు, ప్యాంటు విడివిడిగా సైజు ఎంచుకోనిచ్చే షాపులో ఈ చిక్కు సగం తీరిపోతుంది.

సైజు పెంచితే పొడవు ఎందుకు పెరగదు

ఒక సైజు నుంచి పై సైజుకి వెళ్లేటప్పుడు కోటు అన్ని వైపులా సమానంగా పెరగదు. ఛాతీ రెండంగుళాలు పెరిగితే భుజం అరంగుళం లోపు, పొడవు పావంగుళం దాకా పెరుగుతాయి. 38 నుంచి 42కి ఎక్కితే ఛాతీ నాలుగంగుళాలు, భుజం ముప్పావు నుంచి అంగుళం, పొడవు అరంగుళం.

మనవాడికి కావాల్సిందెంత? కోటు పొడవుకి పాత సూత్రం ఒకటుంది: తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి నేల దాకా కొలిచి అందులో సగం. 6 అడుగుల 2 అంగుళాల మనిషికి ఆ ఎత్తు సుమారు 64 అంగుళాలు, సగం 32. రెగ్యులర్ 38 కోటు వీపు పొడవు సాధారణంగా 29.5 నుంచి 30, ఫ్యాషన్ స్లిమ్ రకమైతే 29 కూడా దాటదు. లోటు రెండంగుళాల పైమాటే. 42 వేసుకున్నా ఒకటిన్నర అంగుళాల లోటు అలాగే ఉంటుంది, పైగా భుజం జారుతుంది. అదే 38 లాంగ్ అయితే 31, 31.5 దాకా వస్తుంది. అరంగుళం తక్కువైనా కంటికి ఆనదు.

అయితే సగం సూత్రం కూడా అందరికీ పని చేయదు. ఇద్దరు మనుషులు, ఇద్దరూ 6 అడుగుల 2 అంగుళాలే. ఒకడి కాళ్లు లోపలి కొలతలో 36 అంగుళాలు, ఇంకొకడివి 33. సూత్రం ఇద్దరికీ 32 అంగుళాల కోటే చెబుతుంది. కానీ పొడవంతా మొండెంలో ఉన్న రెండోవాడికి 32తో సీటు (పిరుదుల భాగం) పూర్తిగా కప్పదు, 32.5 కావాలి. పొడవంతా కాళ్లలో ఉన్న మొదటివాడికి 31.5 చాలు. అందుకే కొందరు కటింగ్ మాస్టర్లు సీటు కప్పాలనే గుర్తునే నమ్ముతారు. చెయ్యి కిందికి వదిలితే బొటనవేలి కణుపు దగ్గర అంచు రావాలనేది ఇంకో లెక్క. పొడుగు చేతులవాళ్లకి అది కోటును అనవసరంగా పొడవు చేస్తుంది. రెండు సూత్రాలు పోట్లాడుకుంటే సీటు వైపే నిలబడటం మేలు.

అంచు దించితే చాలదు

“కింద మడత విప్పేస్తే సరిపోదా?” అని అడుగుతారు. ప్యాంటుకి సరే, కోటుకి కాదు. కోటు ముందు అంచు కింద గుండ్రంగా తిరుగుతుంది. దాని లోపలి పట్టీ ఆ వంపుకి సరిగ్గా కోసి ఉంటుంది. విప్పితే దొరికేది మహా అయితే అరంగుళం, అది కూడా వెనకవైపే.

అంతకన్నా అసలైన చిక్కు వేరే. కోటుకి కూడా ఒక నడుముంటుంది, లోపలికి నొక్కుకునే చోటు. అది మనిషి నడుము దగ్గరే పడాలి. పెట్టుకునే గుండీ ఆ నడుము మట్టానికి, జేబులు దానికి కాస్త కింద, వెనక చీలిక ఆ లెక్కలోనే మొదలవుతాయి. రెగ్యులర్ కోటును పొడుగు మనిషికి వేస్తే ఇవన్నీ అంగుళం, అంగుళంన్నర పైకి జరుగుతాయి. నొక్కు డొక్కల మీద, గుండీ పొట్ట పైభాగంలో పడతాయి. గుండీ కింద నుంచి చొక్కా తెల్లగా త్రికోణంలా బయటికొస్తుంది. కోటు పొడవు సరిపోయినా చూసేవాళ్లకి ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించేది ఇందుకే. లాంగ్ కోత అంటే అంచు దగ్గర అతికిన అదనపు గుడ్డ కాదు, ఈ గుర్తులన్నీ కిందికి దించిన కోత.

అద్దం ముందు చూసుకునే తీరు ఇది: కోటు గుండీ పెట్టుకుని, రెండు చేతులూ నడుము మీద ఎక్కడ సహజంగా ఆగుతాయో అక్కడ పెట్టండి. గుండీ ఆ గీత మీద గానీ, ఒక అంగుళం లోపు తేడాతో గానీ ఉండాలి. అంతకన్నా పైనుంటే ఆ కోటు మీది కాదు. ధర ఎంత తగ్గించినా సరే.

ఏది దిద్దొచ్చు, ఎంతదాకా

సన్నం చేయడం సులువు, పొడవు చేయడం కష్టం. పొడుగు సన్నటివాళ్లకి ఆల్టరేషన్ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. భుజానికీ పొడవుకీ సరిపోయే కోటు తీసుకుని నడుము నొక్కించుకోవాలి గానీ, నడుముకి సరిపోయేది తీసుకుని మిగతావి లాగుదామనుకోకూడదు.

కోటు నడుము పక్క కుట్లు, వీపు నడిమి కుట్టు నుంచి మొత్తం రెండంగుళాలు హాయిగా తగ్గుతుంది. మూడు దాటితే ముందు జేబులు వెనక్కి తిరుగుతాయి, చీలికలు తెరుచుకుంటాయి. చెయ్యి వెడల్పు కూడా తగ్గించొచ్చు. సన్నటి చేతికి ఈ చిన్న పని చాలా తేడా తెస్తుంది, ఎవరూ అడగరు గానీ.

చెయ్యి పొడవు దించాలంటే లోపల గుడ్డ ఉందో లేదో చూడాలి. చెయ్యి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకి తడమండి. మందం ఎక్కడ ఆగితే అంతవరకు లోపలికి మడిచిన గుడ్డ ఉన్నట్టు. మామూలుగా అంగుళం నుంచి ఒకటిన్నర. అంచు దగ్గరి గుండీలకి కాజాలు నిజంగా కోసి ఉంటే మాత్రం దించడం కుదరదు. దించితే చివరి కాజా అంచుకి మరీ దూరమైపోతుంది. ఖరీదైన కోటని మురిపించే ఆ నిజం కాజాలే పొడుగు చేతులవాళ్లకి శత్రువులు. మణికట్టు ఎముక దగ్గర కోటు ఆగి, చొక్కా కఫ్ పావంగుళం నుంచి అరంగుళం కనిపిస్తే కొలత సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ ఇంకో మెలిక: చొక్కా చెయ్యే పొట్టిదైతే కోటు ఎంత సరిగ్గా ఉన్నా కఫ్ కనిపించదు. కోటు ట్రయల్‌కి వెళ్లేటప్పుడు చెయ్యి సరిపోయే చొక్కా వేసుకునే వెళ్లాలి.

భుజం తగ్గించడమంటే చేతులు విప్పి, పైన కోసి, మళ్లీ ఎక్కించడం. ఖర్చు ఎక్కువ, ఫలితం మీద భరోసా తక్కువ. చంక కోత పైకి జరపడం అసలు కుదరదు. కోసేసిన గుడ్డను మళ్లీ పుట్టించలేం. రెడీమేడ్ కోట్ల చంక కోత రకరకాల ఒళ్లకి పట్టాలని కిందికే ఉంటుంది. సన్నటి మనిషి చెయ్యెత్తితే కోటంతా పైకి లేచేది అందుకే. కోత పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, కోటు కదలదు. షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు చెయ్యి చాచి అద్దంలో కాలర్ చూడండి. మెడ నుంచి పూర్తిగా విడిపోతే చంక కోత కిందున్నట్టే.

వంగిన వీపు, పొడుగు మెడ, వాలిన భుజం

కొలతలన్నీ సరిగ్గా తీసినా కోటు కుదరకపోవడానికి పెద్ద కారణం నిలుచునే తీరు. పొడుగువాళ్లలో చాలామందికి కాస్త ముందుకి వంగే అలవాటుంటుంది. గుమ్మాలు, బస్సుల పైకప్పులు, తమకన్నా పొట్టివాళ్లతో కబుర్లు, అన్నీ కలిసి వీపును వంచుతాయి. ఆ వంపు మీదుగా చుట్టి రావడానికి వీపు వైపు గుడ్డ ఎక్కువ కావాలి, ముందు వైపు తక్కువ. నిటారు మనిషికి కోసిన కోటు వంగిన వీపు మీద పడితే వెనక గుడ్డ చాలదు. కాలర్ మెడ నుంచి దూరంగా జరుగుతుంది, వెనక అంచు పైకి లేస్తుంది, చీలికలు నోరు తెరుస్తాయి, ముందు అంచు మాత్రం కిందికి వేలాడుతుంది. ఈ నాలుగూ ఒకే రోగం లక్షణాలు. చీలిక తెరుచుకుందని సీటు వదులు చేస్తే రోగం అలాగే ఉంటుంది.

దీనికి మందు కోతలోనే ఉంది. మంచి మాస్టరు మెడ ఎముక నుంచి నడుము దాకా వీపు పొడవు ఒకటి, అదే ఎముక నుంచి భుజం మీదుగా ముందు నడుము దాకా ఇంకొకటి కొలుస్తాడు. ఆ రెంటి తేడాను బట్టి వీపు ముక్క పొడవు పెంచుతాడు. అరంగుళం చాలు, కాలర్ మెడకి అంటుకుంటుంది. కొలత ఇచ్చేటప్పుడు ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుని నిలుచుంటే నష్టం మీకే. రెండు నిమిషాలు మాటల్లో పడి, మామూలుగా నిలబడ్డాక కొలవమనండి.

సన్నటివాళ్లకి రెక్క ఎముకలు తేలి ఉంటాయి. వీపు మధ్య గుడ్డ గట్టిగా లాగుతూ, దాని కింద వదులుగా గుంటలు పడితే కారణం అదే. వీపు నడిమి కుట్టులో పైన కాస్త వెడల్పు వదిలి నడుము దగ్గర తగ్గించాలి. భుజాలు వాలి ఉంటే మెడ పక్క నుంచి చంక వైపు ఏటవాలు ముడతలు పడతాయి. కాస్త మందం ప్యాడ్ వేయొచ్చు, లేదా భుజం కుట్టును వాలుగా కోయొచ్చు. ప్యాడ్ వేస్తే సన్నటి మనిషి కొంచెం వెడల్పుగా కనిపిస్తాడు గానీ మోతాదు దాటితే హ్యాంగర్‌కి తగిలించినట్టుంటుంది. ఒక భుజం రెండోదానికన్నా కిందికి ఉండటం మామూలే. ఆ ఒక్క వైపే పావంగుళం ప్యాడ్ పెడితే ఎవరికీ తెలియదు.

వంగిన మనిషి చేతులు కూడా పక్కకి కాక కాస్త ముందుకి వేలాడతాయి. కోటు చెయ్యి ఆ కోణంలో ఎక్కించకపోతే మోచేయి పైన వెనకవైపు మెలితిరిగిన ముడతలొస్తాయి. చెయ్యి విప్పి అరంగుళం ముందుకి తిప్పి కుట్టాలి. ఇది కచ్చా కుట్టు (పైపైన వేసే తాత్కాలిక కుట్టు) ట్రయల్‌లో చెబితే పది నిమిషాల పని, లైనింగ్ వేశాక చెబితే సగం రోజు.

ప్యాంటు: నడుము పట్టీ ఎక్కడ కూర్చోవాలి

పొడవు ఇక్కడ పెద్ద సమస్య కాదు. సూట్ల ప్యాంట్లు చాలావరకు కింద కుట్టకుండా వదిలేస్తారు. సమస్య రైజ్, అంటే నడుము పట్టీ నుంచి గజ్జల కుట్టు దాకా ఉండే ఎత్తు. తుంటి మీద కూర్చునే ప్యాంటు పొడుగు మొండెం మీద మరీ కిందుంటుంది. కోటు గుండీకి, బెల్టుకి మధ్య చొక్కా కనిపించడానికి సగం కారణం కోటు, మిగతా సగం ఈ తక్కువ రైజ్. నడుము పట్టీ బొడ్డుకి అంగుళం, రెండంగుళాల కింద ఉంటే ఆ తెల్ల త్రికోణం మాయమవుతుంది. నడుము పట్టీని పైకి లాగి కట్టుకుంటే పని కాదు, గజ్జల్లో పట్టేస్తుంది. రైజ్ కోతలో ఉండాలి.

నడుము తగ్గించడానికి హద్దు రెండంగుళాలు. దాటితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చేస్తాయి. కింద వెడల్పు పరిచి కొలిస్తే 7 నుంచి 7.5 అంగుళాలు సన్నటి కాళ్లకి బాగుంటుంది. 6.5కి దిగితే పిక్కల దగ్గర గుడ్డ అతుక్కుని బూట్లు పడవల్లా కనిపిస్తాయి. 9వ నంబరు, 10వ నంబరు బూట్లు తొడిగే పొడుగువాళ్లకి ఇది గుర్తుండాలి. కింద బయటికి మడిచే పట్టీ కాలి పొడవును కాస్త తగ్గించి చూపిస్తుంది. పొట్టివాళ్లకి వద్దనేది అందుకే, పొడుగువాళ్లకి రెండంగుళాల వెడల్పున హాయిగా నప్పుతుంది. ఒక్కో కాలికి మామూలు కన్నా నాలుగంగుళాల గుడ్డ అదనంగా కావాలి.

స్లిమ్ ఫిట్టా, కాస్త వదులా

సన్నగా ఉన్నావు కదా, స్లిమ్ ఫిట్ వేసుకో అంటారు. ఈ వాదనలో నిజముంది: ఛాతీకి నడుముకి తేడా ఎక్కువున్న ఒంటికి స్లిమ్ కోత దగ్గరగా ఉంటుంది, చంక కోత పైకి ఉంటుంది, ఆల్టరేషన్ తక్కువ పడుతుంది. కుర్రాళ్లకి కళ్లకి అలవాటైన రూపం కూడా అదే.

అటువైపు వాదన టైలర్లది. స్లిమ్ అని అమ్మేవాటిలో చాలా వాటికి పొడవు కూడా కోసేస్తారు, లాపెల్ (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే పట్టీ) వెడల్పు రెండున్నర అంగుళాలకి తగ్గిస్తారు. పొట్టి కోటు, సన్న లాపెల్, అతుక్కున్న ప్యాంటు మూడూ కలిసి సన్నటి మనిషిని ఇంకా సన్నగా, పొడుగు కాళ్లను ఇంకా పొడుగ్గా చూపిస్తాయి. కాస్త గుడ్డ ఉంటేనే ఒంటికి నిండు వస్తుందని వాళ్ల మాట. లాపెల్ మూడు నుంచి మూడున్నర అంగుళాలు, ఛాతీ దగ్గర కాస్త నిండు, నడుము దగ్గర మాత్రం నొక్కు. రెండు వరసల గుండీలుండే డబుల్ బ్రెస్ట్ కోటు సన్నటి పొడుగు మనిషికి బాగా కుదురుతుందనడానికి ఇదే కారణం, ముందు రెండు పొరల గుడ్డ వెడల్పు తెస్తుంది. నిలువు చారలు పొడవును పెంచి చూపిస్తాయి, గళ్లు దాన్ని విరుస్తాయి.

రెండు వాదనలూ నిజానికి వేర్వేరు విషయాల గురించి. మొదటిది కొలత గురించి, రెండోది కంటికి కనిపించే తీరు గురించి. కొలతలో స్లిమ్, పొడవులో లాంగ్, లాపెల్‌లో మామూలు వెడల్పు దొరికితే ఇద్దరూ గెలిచినట్టే. రెడీమేడ్‌లో ఈ మూడూ ఒకే కోటులో దొరకడమే అరుదు.

మూడు దారులు, పన్ను తేడా

మొదటి దారి రెడీమేడ్, పైన చెప్పిన పరీక్షలతో. రెండోది మేడ్ టు మెజర్: షోరూంలో కొలతలు తీసుకుంటారు, ఫ్యాక్టరీలో ఉన్న నమూనా కోతను ఆ కొలతలకి సవరించి కుడతారు. రేమండ్ లాంటి పెద్ద పేర్లు ఈ సేవ ఇస్తున్నాయి. పొడవు, చెయ్యి, నడుము, రైజ్ అన్నీ ఇక్కడ మారతాయి కాబట్టి పొడుగు సన్నటివాళ్లకి గిట్టుబాటు దారి. బలహీనత ఏమిటంటే సాధారణంగా మధ్యలో కచ్చా ట్రయల్ ఉండదు. కొలత తీసిన మనిషి వంగిన వీపు గమనించి రాయకపోతే ఫ్యాక్టరీకి తెలియదు. “నా నిలుచునే తీరు ఫారంలో రాశారా? గుండీ మట్టం దించుతారా?” అని రెండు ప్రశ్నలు వేయండి. జవాబు తడబడితే జాగ్రత్త.

మూడోది టైలరు. డాబాగార్డెన్స్, వన్ టౌన్ వైపు పాత చేతులున్నాయి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి యూనిఫాం కోట్లు కుట్టే టైలర్లూ ఉన్నారు. అయితే చొక్కాలు, ప్యాంట్లు అద్భుతంగా కుట్టే షాపు కోటు కూడా అలాగే కుడుతుందనుకోవద్దు. చాలా చోట్ల కోటు పని బయట ఇంకో మాస్టరుకి వెళ్తుంది. కోసేదెవరో, ట్రయల్‌లో ఆ మనిషే ఉంటాడో లేదో అడగాలి. కోసినవాడు చూడని కచ్చా ట్రయల్ డాక్టరు లేని ఆపరేషన్ థియేటర్ లాంటిది. ఆది కోసం పాత కోటు ఇవ్వడం మనకి అలవాటు. ఆది కొలతలతో పాటు దాని తప్పుల్ని కూడా కొత్త కోటుకి మోస్తుంది. ఇవ్వాల్సొస్తే “చెయ్యి ముప్పావంగుళం పొట్టి” అని చీటీ రాసి పిన్నుతో గుచ్చి ఇవ్వండి.

డబ్బు లెక్కలో ఈమధ్య ఒక మార్పొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ. 2,500 దాటిన రెడీమేడ్ వస్త్రం మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతమైంది. ఆ లోపు ధరవాటికి 5 శాతం. సూటు గుడ్డ మీద 5 శాతమే. పన్నుకి ముందు రూ. 12,000 ఉన్న సూటు మీద రూ. 2,160 పడుతుంటే, రూ. 6,000 గుడ్డ మీద పడేది రూ. 300. కుట్టుకూలి కలిపాక కూడా టైలరు దారి చవకే అని కాదు గానీ, మునుపటి కన్నా తేడా దగ్గరైంది.

విశాఖ ఉక్కపోతలో ఏ గుడ్డ

బీచ్ రోడ్డు పక్క లాన్‌లో రిసెప్షన్ అంటే తేమతో యుద్ధం. పలచటి గుడ్డే చల్లన అనుకుంటాం. గాలి ఆడేది నేత వదులుంటే, బరువు తక్కువైతే కాదు. దట్టంగా నేసిన, చదరపు మీటరుకి 200 గ్రాములుండే పాలీ విస్కోస్ (పాలిస్టర్ కలిసిన గుడ్డ) కన్నా వదులు నేత ఉన్న 250 గ్రాముల ఊలు ఈ ఊళ్లో సుఖం. పొడుగు కాళ్ల మీద మరీ తేలిక గుడ్డ చెమటకి అతుక్కుని మోకాళ్ల దగ్గర ముడత పడుతుంది. కాస్త బరువుంటేనే నిటారుగా జారుతుంది. ‘సూపర్ 100’, ‘సూపర్ 150’ అనేవి ఊలు పోగు ఎంత సన్నమో చెప్పే అంకెలు: 100కి 18.75 మైక్రాన్లు, 150కి 16.25 దాటకూడదు. అంకె పెరిగితే నునుపు పెరుగుతుంది, మన్నిక తగ్గుతుంది. ఈ వాతావరణంలో 100, 110 చాలు. లైనింగ్ వీపు పైభాగానికే వేయించుకుంటే ఉక్క సగం తగ్గుతుంది.

సన్నటి ఛాతీవాళ్లకి లోపలి పొర ముఖ్యం. చవక కోట్లలో గుడ్డకి జిగురు పొరను ఇస్త్రీతో అతికిస్తారు. పదే పదే డ్రైక్లీన్, ఆవిరి తగిలితే జిగురు వదిలి ఛాతీ మీద బుడగలు లేస్తాయి. హాఫ్ కాన్వాస్‌లో ఛాతీ, లాపెల్ భాగానికి కుట్టిన కాన్వాస్, అంటే బిరుసైన లోపలి గుడ్డ, ఉంటుంది. కాలర్ బోన్ కింద పల్లంగా ఉన్న ఛాతీకి అదే నిండు ఇస్తుంది. మొత్తం కాన్వాస్ ఇంకా మంచిది, ఖర్చూ ఇంకా ఎక్కువ. అద్దెకి తెచ్చే కోటైతే ఈ గొడవ వదిలేయండి.

అత్తవారు పెట్టిన సూటు పీసు సరిపోతుందా

పెళ్లిలో వచ్చే పీసు చాలాసార్లు 3 మీటర్లుంటుంది. 6 అడుగుల 2 అంగుళాల మనిషికి లెక్క వేద్దాం. 58 అంగుళాల పన్నా గుడ్డలో కోటుకి కావాల్సింది కోటు పొడవు, చెయ్యి పొడవు, పైన 10 అంగుళాలు: 32, 26, 10 కలిపి 68. ప్యాంటుకి 44 అంగుళాల పొడవు, మడతకీ పట్టీకీ 4 కలిపి 48. మొత్తం 116. మూడు మీటర్లంటే 118. మిగిలేది రెండంగుళాలు.

ఊలు గుడ్డని కోసే ముందు ఆవిరి పట్టి కుదించాలి, లేకపోతే మొదటి డ్రైక్లీన్‌లో చెయ్యి పావంగుళం పైకి లేస్తుంది. వంద అంగుళాలకి రెండంగుళాలు కుంచించుకున్నా పీసు సుమారు 115.6కి దిగుతుంది, దాదాపు అరంగుళం లోటు. మాస్టరు సర్దేస్తాడు, అదే ప్రమాదం. చెయ్యి లోపలి గుడ్డ తగ్గిస్తాడు, ప్యాంటు మడత సన్నం చేస్తాడు. రేపు దించాలన్నప్పుడు దించడానికి ఏమీ ఉండదు. గళ్ల గుడ్డైతే గీతలు కలపడానికే పావు మీటరు పోతుంది కాబట్టి 3 మీటర్లతో కుదరనే కుదరదు.

సొంతంగా కొనేటప్పుడు 3.25 మీటర్లు, గళ్లో బయటి మడతో వెయిస్ట్ కోటో కావాలంటే 3.5, ఒకేసారి ఒకే తానులోంచి కోయించుకోవాలి. తర్వాత తెచ్చే అర మీటరు వేరే రంగు తొట్టిలోంచి వచ్చి ఎండలో తేడా చూపిస్తుంది. పీసు ఇప్పటికే చేతిలో ఉంటే అందులోంచి లోపల పుష్కలంగా గుడ్డ వదిలి కోటు, మిగిలినదాంట్లో వెయిస్ట్ కోటు కుట్టించి, ప్యాంటు వేరే రంగులో విడిగా తీసుకోవచ్చు. ముదురు నీలం పీసైతే బూడిద రంగు ప్యాంటు.